పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించే ముందు: కారు నడక చెడకుండా సైజు ఎంచుకోవడం ఎలా

కారుకు పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించాలనుకునేవారు సాధారణంగా అంగుళాల దగ్గర మొదలుపెడతారు. ఇప్పుడు 15 ఉన్నాయి, 16 వేయిద్దామా, 17 వేయిద్దామా అన్నదే దుకాణంలో మొదటి ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నను చివరికి పెట్టుకోవడం మేలు. రిమ్ము పెరిగినకొద్దీ తరిగేది టైరు రబ్బరు, అందులోని గాలి. రోడ్డు మీది ప్రతి గతుకునూ అన్నిటికంటే ముందు మోసేవి ఆ రెండే. అందువల్ల మీరు రోజూ తిరిగే రోడ్డుకు ఎన్ని మిల్లీమీటర్ల రబ్బరు మిగలాలో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి రిమ్ము సైజు నిర్ణయించుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఉదాహరణకు మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే హ్యాచ్‌బ్యాక్ కారు కొలతలను తీసుకుంటాను. సెడాన్ అయినా ఎస్‌యూవీ అయినా లెక్క కట్టే తీరు ఇదే.

టైరు మీది అంకెలతో మొదలుపెట్టండి

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, తలుపు వచ్చి మూసుకునే స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. కంపెనీ ఆ కారుకు అనుమతించిన టైరు సైజులు, ఒక్కో సైజులో ఎంత గాలి ఉండాలన్నది దాని మీద ఉంటాయి. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. అక్కడా లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఆ స్టిక్కరును ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే దుకాణంలో వచ్చే సగం వాదనలను అదే తేల్చేస్తుంది.

ఇప్పుడు టైరు పక్కభాగం, అంటే సైడ్‌వాల్ చూడండి. ఉదాహరణకు 185/65 ఆర్15 88 హెచ్ అని ఉందనుకుందాం. టైరు వెడల్పు 185 మి.మీ. సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మి.మీ. రిమ్ము వ్యాసం 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. చివరి 88 సంగతి తర్వాత చెబుతాను; హెచ్ అన్నది టైరు తట్టుకునే వేగానికి గుర్తు. ఆ 381కి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు సైడ్‌వాల్‌లను కలిపితే చక్రం మొత్తం వ్యాసం 621.5 మి.మీ. వస్తుంది. ఈ మొత్తం వ్యాసం అటూ ఇటూ పోకుండా చూసుకోవడం మొదటి నియమం. స్పీడోమీటరు, కిలోమీటర్ల లెక్క, గేర్ల నిష్పత్తి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లెక్కలు అన్నీ ఆ వ్యాసాన్ని నమ్ముకునే పనిచేస్తాయి. తేడా ఒక శాతం లోపు ఉంటే నిశ్చింత. రెండు శాతం దాటితే ఆ సైజును పక్కన పెట్టండి.

వ్యాసం మారకుండా రిమ్మును ఒక్కో అంగుళం పెంచుకుంటూ పోతే ఏమి జరుగుతుందో చూడండి. 165/80 ఆర్14లో సైడ్‌వాల్ 132 మి.మీ., 185/65 ఆర్15లో 120 మి.మీ., 195/55 ఆర్16లో 107 మి.మీ., 205/45 ఆర్17లో 92 మి.మీ. ఈ నాలుగింటి మొత్తం వ్యాసాలు 616 నుంచి 622 మి.మీ. మధ్యనే ఉన్నాయి, దూరం నుంచి చూస్తే చక్రం ఎత్తు ఒక్కటే. లోపల మాత్రం 14 నుంచి 17కి వచ్చేసరికి 40 మి.మీ. రబ్బరు పోయి, ఆ చోటులోకి లోహం వచ్చింది.

ఆ 92 మి.మీ. కూడా పూర్తిగా మీకు దక్కదు. రిమ్ము అంచు టైరు కూర్చునే గాడి కంటే సుమారు 17 మి.మీ. పైకి లేచి ఉంటుంది, పైగా కారు బరువుకు టైరు అడుగు కొంత నొక్కుకుపోతుంది. ఒకసారి మీ కారు పక్కన కూర్చుని, రిమ్ము కింది అంచు నుంచి నేల వరకు స్కేలు నిలబెట్టి కొలవండి. కాగితం మీది అంకె కంటే చాలా తక్కువ వస్తుంది. గుంతలో పడినప్పుడు గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య మీకు ఉన్న కాపుదల అంతే. పెద్ద రిమ్ములు వేసిన స్నేహితుడి కారు దొరికితే దానికీ ఇలాగే కొలిచి చూడండి, ఇక్కడ చెప్పిన లెక్కలన్నీ ఒక్క చూపులో అర్థమవుతాయి.

పెద్ద అల్లాయ్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. మొత్తం వ్యాసం మారనంతవరకు కారు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. 195/60 ఆర్16 వంటి టైరు వేస్తే వ్యాసం 640 మి.మీ. అవుతుంది కాబట్టి కారు సుమారు 9 మి.మీ. లేస్తుంది. అయితే వ్యాసం మూడు శాతం పెరిగినందువల్ల, స్పీడోమీటరు కదలిక కూడా ఆ మేరకు వెనకబడుతుంది: అంతకుముందు ముల్లు 100 చూపిన చోట కారు ఎంత వేగంగా పోయేదో, ఇప్పుడు అదే 100 దగ్గర అంతకంటే మూడు శాతం ఎక్కువ వేగంతో పోతుంది. చక్రం మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కు తగిలే ప్రమాదమూ పెరుగుతుంది.

కంపెనీయే మీ మోడలులో పై వేరియంటుకు ఏ సైజు ఇస్తోందో కనుక్కోవడం ఈ దశలో చేయవలసిన మరో పని. మారుతి బలెనోలోనూ హ్యుందాయ్ ఐ20లోనూ కింది వేరియంట్లకు 185/65 ఆర్15, పై వేరియంట్లకు 195/55 ఆర్16 ఇచ్చిన సంగతి చూస్తే, ఆ కారు సస్పెన్షన్‌ను రెండు సైజులతోనూ పరీక్షించారని ఊహించవచ్చు. మీ కారుకు అలాంటి పై సైజు ఉంటే అక్కడే ఆగండి. ఆ హద్దు దాటితే స్టీరింగ్, సస్పెన్షన్ భాగాల మీద వారంటీ ఇవ్వడానికి కంపెనీ నిరాకరించే అవకాశం ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని చెబుతోంది. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చిన చక్రాలతో రోడ్డెక్కి ఆ నిబంధనల జోలికి వెళ్లకండి. ఎలాంటి అల్లాయ్ వేయించినా బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

రబ్బరు తగ్గితే స్టీరింగ్‌లో ఏమి మారుతుంది

మీరు స్టీరింగ్ తిప్పగానే రిమ్ము తిరుగుతుంది, కానీ రోడ్డును పట్టుకుని ఉన్న రబ్బరు అదే క్షణంలో తిరగదు. మధ్యలో ఉన్న సైడ్‌వాల్ ముందు కొద్దిగా మెలిపడి, ఆ మెలి బిగుసుకున్నాక అడుగు భాగాన్ని తనతో లాక్కుపోతుంది. సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటే ఈ మెలిపడే సమయం ఎక్కువ, పొట్టిగా ఉంటే తక్కువ. 14 అంగుళాల చక్రాల నుంచి 16కు మారిన కారులో మొదటి మలుపులోనే తెలిసే తేడా ఇదే: చెయ్యి కదిలీ కదలగానే ముక్కు తిరుగుతుంది. లేను మారేటప్పుడు కారు ఒకసారి ఊగి సర్దుకోవడం తగ్గుతుంది. విజయవాడ హైవే మీద లారీని దాటి తిరిగి లేనులోకి వచ్చేటప్పుడు, అరకు ఘాట్‌లో ఒక వంపు నుంచి వెంటనే ఎదురు వంపులోకి తిప్పేటప్పుడు ఈ లాభం స్పష్టంగా అనుభవానికి వస్తుంది. దీన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. బాగా ఎంచుకున్న ఒక అంగుళం పెంపు కారును నిజంగా చురుకు చేస్తుంది.

వెడల్పు విషయంలో మాత్రం ఒక అపోహ ఉంది. వెడల్పాటి టైరు వేస్తే రోడ్డుకు తగిలే రబ్బరు విస్తీర్ణం బాగా పెరుగుతుందని అనుకుంటాము. టైరు మోసే బరువు, లోపలి గాలి పీడనం మారకపోతే ఆ విస్తీర్ణం పెద్దగా మారదు. దాని ఆకారం మారుతుంది. నిలువుగా పొడుగ్గా ఉన్న ముద్ర కాస్త అడ్డంగా, పొట్టిగా అవుతుంది. ఈ ఆకారం మలుపులో పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద అదే ఆకారం ప్రతికూలంగా పనిచేస్తుంది, ఎందుకంటే వెడల్పాటి టైరు తన ముందున్న నీటిని ఇరుపక్కలకూ తోసేయడానికి ఎక్కువ దూరం నెట్టాలి. వేగం ఎక్కువైతే టైరు నీటి మీద తేలిపోయి స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. వానాకాలంలో హైవే ప్రయాణాలు ఎక్కువగా చేసేవారు వెడల్పును పది మిల్లీమీటర్లకు మించి పెంచకుండా ఉండటం, టైరు గాడులు అరిగేదాకా ఆగకుండా మార్చడం మంచిది.

లారీల బరువుకు తారు కుంగి గాడులు పడిన రోడ్ల మీద ఇంకొక మార్పు తెలుస్తుంది. ఎత్తైన సైడ్‌వాల్ ఆ గాడి వాలును తనలో తానే సర్దుకుంటుంది. పొట్టిగా, వెడల్పుగా ఉన్న టైరు ఆ వాలు వెంట స్టీరింగ్‌ను అటూ ఇటూ గుంజుతుంది. అలైన్‌మెంట్ సరిగ్గా ఉన్నా ఇది పోదు. అలాగే టైరు పట్టు జారే తీరు మారుతుంది: ఎత్తైన సైడ్‌వాల్ ఉన్న టైరు జారబోయే ముందు మెత్తబడి, కూతపెట్టి, హెచ్చరించి మరీ జారుతుంది, పొట్టి సైడ్‌వాల్ ఉన్న టైరు ఎక్కువసేపు పట్టుకుని, తర్వాత తక్కువ హెచ్చరికతో వదిలేస్తుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవారు ఇంట్లో ఉంటే ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోండి.

కుదుపు ఎక్కడి నుంచి వస్తుంది

టైరు కూడా ఒక స్ప్రింగే. కారు కింద ఉన్న కాయిల్ స్ప్రింగు పెద్ద గతుకులను, స్పీడ్ బ్రేకర్లను చూసుకుంటుంది. సీసీ రోడ్డు జాయింట్లు, తారు మీది చిన్న పగుళ్లు, కంకర తేలిన చోటు, మ్యాన్‌హోల్ మూత అంచు వంటి చిన్నచిన్న పదునైన దెబ్బలను టైరే మింగేయాలి, ఎందుకంటే అంత వేగంగా వచ్చే దెబ్బకు కాయిల్ స్ప్రింగు, షాకబ్జార్బరు కదిలే లోపే అది లోపలికి వచ్చేస్తుంది. సైడ్‌వాల్ పొట్టిదైనప్పుడు పెద్ద స్పీడ్ బ్రేకరు దగ్గర మీకు అంత తేడా తెలియకపోవచ్చు. ఇంటి ముందరి సీసీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, జాయింటు జాయింటుకూ సీటు కింద, స్టీరింగ్‌లో, డాష్‌బోర్డు గలగలలో తేడా తెలుస్తుంది. అందుకే దుకాణం ముందు నున్నని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌తో నిర్ణయం తీసుకోకండి.

నా సొంత కారులో ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకున్నాను. 185/65 ఆర్15 ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కు 17 అంగుళాల రిమ్ములు, 205/45 టైర్లు వేయించాను. కొన్ని వారాల తర్వాత ఒక వాన రాత్రి, ఫ్లైఓవరు దిగే చోట నీళ్లు నిండిన గుంతలో ముందరి ఎడమ చక్రం పడింది. చప్పుడు గట్టిగా వచ్చింది, కారు మాత్రం మామూలుగానే నడిచింది. మర్నాడు బయటి వైపు చూస్తే రిమ్ము మీద గీత కూడా లేదు. తర్వాత అలైన్‌మెంట్‌కు కారును పైకి లేపినప్పుడు, చక్రాన్ని చేత్తో తిప్పుతున్న కుర్రవాడు ఆగి, లోపలి వైపు సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత బుడగను వేలితో చూపించాడు. దాని ఎదురుగా రిమ్ము లోపలి అంచు గోరు పట్టేంత వంగి ఉంది. అన్ని రోజులూ ఆ టైరు మీదే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని 100 కిలోమీటర్ల వేగంతో తిరిగానన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ బుడగ ఎలా పుడుతుందో తెలుసుకోవడం అవసరం. గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య సైడ్‌వాల్ రెండు మడతలుగా నలిగినప్పుడు, రబ్బరు లోపల ఉండే దారాల పొర తెగుతుంది. పైన రబ్బరు బాగానే ఉంటుంది కాబట్టి గాలి దిగదు. దారాలు తెగిన చోట లోపలి గాలి రబ్బరును బయటికి నెడుతుంది. దీనికి మరమ్మతు లేదు, ప్యాచ్ వేయించుకోకూడదు, టైరు మార్చవలసిందే. రిమ్ము విషయానికొస్తే, ఉక్కు రిమ్ము వంగుతుంది, దాన్ని కొట్టి సరిచేస్తారు. పోత పోసిన అల్యూమినియం అల్లాయ్ కొద్దిగా వంగి, ఆపైన పగులుతుంది. పగిలిన అల్లాయ్‌ను వెల్డింగ్ చేసి, రంగు వేసి అమ్మేవారున్నారు; సెకండ్ హ్యాండ్ అల్లాయ్ కొంటే లోపలి గోడ అంతా టార్చి వెలుతురులో వేలితో తడిమి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

బరువు తూచండి

అల్లాయ్ అంటే తేలిక అన్నది అన్నివేళలా నిజం కాదు. ఒకే సైజులో ఉక్కు కంటే అల్లాయ్ తేలికగా ఉండవచ్చు. కానీ 15 అంగుళాల ఉక్కు రిమ్ము తీసి 17 అంగుళాల చవక అల్లాయ్ పెడితే చక్రం బరువెక్కడం సాధారణం. ఇది తేలిగ్గా తెలుసుకోవచ్చు. మీ స్టెప్నీ మిగతా నాలుగింటి సైజే అయితే దాన్ని టైరుతో సహా తూచండి. కొత్త రిమ్ముకు కొత్త టైరు ఎక్కించిన తర్వాత, కారుకు బిగించక ముందే దాన్నీ తూచమని అడగండి. ఇంట్లో మనిషి బరువు చూసుకునే కాటా అయినా సరిపోతుంది: చక్రం పట్టుకుని ఎక్కి, వచ్చిన అంకెలో మీ బరువు తీసేయండి.

ఈ బరువు ఎందుకు ముఖ్యమంటే, చక్రం, టైరు, బ్రేకు, హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం) ఇవన్నీ స్ప్రింగుకు కింద ఉండే బరువు. గతుకు వచ్చినప్పుడు అవి పైకి ఎగిరి, వెంటనే దిగి రోడ్డును పట్టుకోవాలి. బరువైన చక్రాన్ని తిరిగి కిందికి దించడానికి స్ప్రింగుకూ షాకబ్జార్బరుకూ సమయం పడుతుంది; ఆ క్షణంలో టైరు రోడ్డు మీద తేలికగా ఉంటుంది, పట్టు తగ్గుతుంది. గతుకుల మలుపులో పెద్ద చక్రాల కారు పక్కకు జరిగినట్టు అనిపించడానికి ఇదొక కారణం. అంటే నున్నటి మలుపులో స్టీరింగ్‌ను మెరుగుపరిచిన మార్పే, గతుకుల మలుపులో దాన్ని పాడుచేయవచ్చు.

తిరిగే బరువుది మరో లెక్క. లోహం ఇరుసు నుంచి ఎంత దూరం జరిగితే దాన్ని తిప్పడం, ఆపడం అంత కష్టం. ఆ కష్టం దూరానికి వర్గంగా పెరుగుతుంది. బరువు మారకుండానే రిమ్ము లోహం 15 అంగుళాల చుట్టుకొలత నుంచి 17కు జరిగితే, ఆ లోహాన్ని తిప్పడానికి కావలసిన శ్రమ సుమారు 28 శాతం పెరుగుతుంది. 16కు జరిగితే సుమారు 14 శాతం. 1.2 లీటర్ల ఇంజను ఉన్న కారులో సిగ్నలు దగ్గర బయలుదేరేటప్పుడు, రెండో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇది తెలుస్తుంది, నగరంలో మైలేజీ తగ్గుతుంది. ఒకే సైజులో రెండు డిజైన్లు నచ్చితే తేలికైనదాన్నే తీసుకోండి, ధర కొంత ఎక్కువైనా సరే.

రిమ్ము మీ కారుకు కుదురుతుందో లేదో

ఇక్కడ నాలుగు కొలతలు చూడాలి. బోల్టు రంధ్రాల వలయం, అంటే పీసీడీ, కచ్చితంగా సరిపోవాలి. చాలా చిన్న కార్లకు ఇది 4×100, అంటే 100 మి.మీ. వ్యాసమున్న వలయం మీద నాలుగు బోల్టులు; మారుతి బ్రెజా, హ్యుందాయ్ క్రెటా వంటివాటికి 5×114.3. నాలుగు బోల్టుల చక్రంలో ఎదురెదురు రంధ్రాల మధ్య దూరాన్ని కొలిస్తే పీసీడీ వస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా నట్లు బిగుసుకుంటాయని ఎవరైనా చెబితే అక్కడ పని చేయించుకోకండి.

రెండవది మధ్య రంధ్రం. బయట దొరికే అల్లాయ్‌లకు అనేక కార్లకు సరిపడేలా దీన్ని పెద్దదిగా ఉంచుతారు. మీ హబ్బుకు 54.1 మి.మీ. ఉండి, రిమ్ముకు 67.1 ఉంటే మధ్యలోని ఖాళీని ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగుతో పూరించాలి. ఆ రింగు ఉంటే చక్రం హబ్బు మధ్యలో సరిగ్గా కూర్చుంటుంది. అది లేకుండా బిగిస్తే, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 80 నుంచి 100 వేగం మధ్య స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. చాలా దుకాణాల్లో దీన్ని వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, మీరే అడిగి వేయించుకోవాలి.

మిగిలిన రెండూ కలిపి చూడాలి: రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్‌ అంటే రిమ్ము వెడల్పు మధ్య గీతకూ, అది హబ్బుకు ఆనుకునే ముఖానికీ మధ్య దూరం; దాన్ని రిమ్ము లోపల ఇ.టి. అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో రాస్తారు. ఆ అంకె తగ్గినకొద్దీ చక్రం కారు నుంచి బయటికి జరుగుతుంది. ఒక కారుకు 5.5జె (5.5 అంగుళాల) వెడల్పు, ఇ.టి. 45 రిమ్ము ఉంది, దానికి 7జె, ఇ.టి. 38 రిమ్ము వేస్తున్నారనుకుందాం. వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. పెరిగింది, అందులో సగం 19 మి.మీ. ఆఫ్‌సెట్ తేడా 7 మి.మీ. బయటి అంచు 19, 7 కలిపి 26 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు 19లోంచి 7 పోగా 12 మి.మీ. లోపలికి, షాకబ్జార్బరు వైపు జరుగుతుంది. బయటికి వచ్చిన చక్రం వీల్ బేరింగు మీద లివరులా పనిచేసి దాని ఆయుష్షు తగ్గిస్తుంది, గుంతలో ఒక పక్క చక్రం పడినప్పుడు స్టీరింగ్‌ను ఎక్కువ బలంతో గుంజుతుంది. అసలు ఆఫ్‌సెట్‌కు ఐదు మిల్లీమీటర్ల లోపు తేడా ఉన్న రిమ్మునే వెతకండి. రిమ్ము వెడల్పు టైరుకు కూడా కుదరాలి: 195/55 టైరుకు 5.5జె నుంచి 7జె వరకు, 205/45 టైరుకు 6.5జె నుంచి 7.5జె వరకు పనికివస్తాయి.

టైరు కొనేటప్పుడు సైజు తర్వాత ఉండే అంకెను కూడా చూడండి. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు, 87 అంటే 545, 84 అంటే 500. కంపెనీ ఇచ్చిన అంకెకు తగ్గకుండా, లేదా కంపెనీయే పై వేరియంటుకు ఇచ్చిన అంకెకు తగ్గకుండా ఉండాలి. పొట్టి సైడ్‌వాల్ టైర్లలో ఈ అంకె తరచూ తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌ఎల్ అని రాసిన బలమైన రకం తీసుకోవలసి వస్తుంది.

బిగించే రోజు

ముందుగా ఒక ముందు చక్రం, ఒక వెనుక చక్రం మాత్రమే బిగించి చూడమనండి. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కూ టైరుకూ మధ్య, షాకబ్జార్బరుకూ టైరు లోపలి గోడకూ మధ్య వేలు దూరుతోందో లేదో చూడండి. వెనుక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకరు మీదుగా మెల్లగా పోనిచ్చి వినండి. ఎక్కడైనా రాపిడి చప్పుడు వస్తే ఆ రిమ్మును అక్కడే తిరిగి ఇచ్చేయండి; మడ్‌గార్డు అంచును కొట్టి వంచడానికి ఒప్పుకోకండి.

నట్లు కూర్చునే ఆకారం కొన్ని రిమ్ములలో శంకువులా, కొన్నింటిలో గుండ్రంగా ఉంటుంది. రిమ్ముకు సరిపడే నట్లనే వాడాలి. గాలి గన్నుతో పూర్తిగా బిగించేస్తే రిమ్ము, బోల్టు రెండూ దెబ్బతింటాయి. చేతి పానాతో ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచితో కారు పుస్తకంలో చెప్పిన అంకెకు తేవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచి పెట్టించండి, కొత్త అల్లాయ్ సర్దుకున్నాక నట్లు కొద్దిగా వదులవుతాయి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ అదే రోజు చేయించండి.

గాలి విషయంలో అశ్రద్ధ చేయకండి. కుదుపు తగ్గుతుందని పొట్టి సైడ్‌వాల్ టైర్లలో గాలి తగ్గించడం అతి ప్రమాదకరమైన అలవాటు, ఎందుకంటే గుంత దెబ్బకు రిమ్మును కాపాడేది ఆ గాలే. స్టిక్కరు మీద ఆ సైజుకు చెప్పిన గాలిని, కారు కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన తర్వాత, చల్లటి టైరులో వేయండి. ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువును మోయాలంటే మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి: మామూలు రకం బరువు లెక్కను 250 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే సుమారు 36 పీఎస్‌ఐ దగ్గర కడితే, ఎక్స్‌ఎల్ లెక్కను 290 దగ్గర, అంటే సుమారు 42 పీఎస్‌ఐ దగ్గర కడతారు. మీ కారుకు అంతంత గాలి వేయాలని దీని అర్థం కాదు. పాత టైరుకు వేసిన గాలినే ఎక్స్‌ఎల్‌కు వేస్తే అది పాత టైరు అంత బరువు మోయకపోవచ్చని అర్థం. వారానికోసారి చూసుకోవడం వీలు కాకపోతే పదిహేను రోజులకోసారి అయినా తప్పనిసరి.

మార్పును నిజంగా పరీక్షించడం

పాత చక్రాలు తీసేయడానికి ముందు రోజు, పది కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకోండి. అందులో ఒక సీసీ రోడ్డు, ఒక స్పీడ్ బ్రేకరు, గతుకులున్న ఒక మలుపు, 80 వేగంతో పోగలిగిన ఒక నున్నటి భాగం ఉండాలి. గాలి సరిచూసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ప్రతి చోటా ఎంత వేగంతో పోయారో, ఎలా అనిపించిందో ఫోనులో చెప్పి రికార్డు చేసుకోండి. కొత్త చక్రాలతో అదే దారిలో, అదే వేగాలతో, అదే మనిషితో మళ్లీ వెళ్లండి. వెనుక సీటులో కూర్చునే పెద్దవాళ్ల మాటకు మీ అభిప్రాయం కంటే ఎక్కువ విలువ ఇవ్వండి. స్టీరింగ్ పట్టుకున్నవారికి గతుకు ముందే కనిపిస్తుంది కాబట్టి ఒళ్లు సిద్ధమవుతుంది, వెనుక కూర్చున్నవారికి ఆ అవకాశం లేదు.

ఈ పరీక్షను ఇంకో రకంగా కూడా వాడుకోవచ్చు. అరిగిపోయిన, లేదా ఐదారేళ్ల వయసున్న టైర్లతో తిరుగుతున్నవారు, రిమ్ములు మార్చకుండా అదే సైజులో మంచి రకం కొత్త టైర్లు వేయించి ముందు నడిపి చూడండి. పెద్ద అల్లాయ్‌ల వల్ల వచ్చిందనుకునే మెరుగుదలలో చాలా భాగం కొత్త టైర్ల వల్లే వస్తుంది. రోజూ పల్లె రోడ్లలో తిరిగేవారికి, సస్పెన్షన్ అరిగిన పాత కార్లకు నేను ఈ మార్గాన్నే సూచిస్తాను.

అల్లాయ్‌లు వేసుకున్నాక ప్రతి ఐదు వేల కిలోమీటర్లకు, లేదా గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ, చక్రం లోపలి వైపు చూడటం అలవాటు చేసుకోండి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పితే ముందు చక్రాల లోపలి గోడ బయటినుంచే కనిపిస్తుంది. టార్చి వేసి, చేత్తో చుట్టూ తడమండి. వెనుక చక్రాలకు జాకీ పెట్టించాలి.

చివరగా డిక్కీ తెరిచి స్టెప్నీని చూడండి. అది పాత ఉక్కు రిమ్ము అయితే దాని నట్లు వేరు, కొత్త అల్లాయ్ నట్లు వేరు కావచ్చు. పాత నట్లను దుకాణంలో వదిలేయకుండా ఒక సంచిలో కట్టి స్టెప్నీ గుంటలోనే పెట్టండి. కొత్త అల్లాయ్‌లకు తాళం నట్లు వేయించి ఉంటే దాని తాళపు సాకెట్టును కూడా అందులోనే ఉంచండి. ఒకసారి పగటి వెలుతురులో, ఇంటి దగ్గరే, ఆ స్టెప్నీని నిజంగా మార్చి చూడండి: జాకీ అందుతోందా, పానా కొత్త నట్టు గుంటలోకి దూరుతోందా, అలంకారపు మూత ఎలా ఊడుతుంది అన్నవి అర్ధరాత్రి హైవే మీద కనుక్కోవలసిన సంగతులు కావు.